ఎవరూ పరుగెత్తని వాన

మార్చి 4

అమ్మాయీ,

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం అలవాటు కాబట్టి అలాగే మొదలుపెడుతున్నాను. నేను క్షేమమే. మీ పిన్ని సంగతి కింద రాస్తాను.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. జీవితమంతా మిల్లులో మరమగ్గాల మధ్య నిలబడ్డ చెవులివి. నువ్వు "బాబాయ్, తిన్నావా" అంటే నాకు మగ్గమే వినిపిస్తుంది. మీ పిన్నికి చెవులు బంగారమే గానీ, నోరు తెరిస్తే మాటకంటే ముందు దగ్గు వస్తోంది. అందుకే మన పాత పద్ధతే మేలు. నేను రాస్తాను, కాగితం కింద నాలుగు వేళ్ళ చోటు వదులుతాను, అక్కడ ఆవిడ రాస్తుంది.

మొన్న డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. కోల్డ్ స్టోరేజీలో అన్నేళ్ళు ఐసులో చేపలు సర్దిన మనిషి కదా, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయట. గుండె కూడా అలిసిపోయిందట. నాకు వినిపించదని ఆయన కాగితం మీద రాసి చూపించాడు: "ఎక్కడికైనా వెళ్ళాలనుంటే ఈ ఏడాదిలోనే వెళ్ళండి. వచ్చే ఏడాది విమానం ఎక్కడానికి నేను సంతకం పెట్టను." మీ పిన్ని నా భుజం మీద నుంచి అదంతా చదివేసింది. బస్టాపులో నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా, "అయితే వెళ్దాం" అంది. నేను బిత్తరపోయాను. మంచినీళ్ళు కావాలా అన్నా మూడుసార్లు అడిగించుకునే మనిషి, అడక్కుండానే నోరు తెరిచి కావాలంది.

ఎక్కడికి అంటే, ఒక ద్వీపం. పేరు వేరే చీటీ మీద రాసి ఇందులో పెడుతున్నాను. పనిలో బట్టలు మార్చుకునే గదిలో తన అల్మారా తలుపుకి లోపలివైపు ఒక పటం అంటించుకుందట, ఎప్పటిదో క్యాలెండర్లోది. అది ఆ ద్వీపమట. ఆడవాళ్ళ గది కాబట్టి నేనెప్పుడూ చూళ్ళేదు. సముద్రం, కొబ్బరిచెట్లు ఉంటాయనుకుంటాను. అలాంటి పటాల్లో ఇంకేం ఉంటాయి?

మేమిద్దరం విమానాన్ని ఆకాశంలో చూడటమే తప్ప ఎరగం. టికెట్లు, బస, ఎప్పుడు వెళ్తే మంచిదో, అన్నీ నువ్వే చూడాలి.

మీ బాబాయి

వాన గుమాస్తా గారికి పిన్ని రాసేది. మీ బాబాయి చెప్పినంత దగ్గు లేదు. విమానంలో కిటికీ తెరుచుకుంటుందా? తెరుచుకోకపోయినా ఫర్వాలేదు, ఊరికే అడిగాను.


మార్చి 15

బాబాయికీ పిన్నికీ,

మీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీదే చదివేశాను. డాక్టర్ మాట దగ్గర అక్కడే కూర్చుండిపోయాను. "అయితే వెళ్దాం" దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చింది. మా పై అధికారి చూసి, "వాతావరణం బాలేదా?" అని అడిగి వెళ్ళిపోయాడు. ఈ వాతావరణ ఆఫీసులో అందరిదీ అదే హాస్యం.

పిన్నీ, కిటికీ తెరుచుకోదు. కానీ కిటికీ పక్క సీటు నీకే. నడవా పక్కది బాబాయికి, నువ్వు ఎప్పుడు లేవాలన్నా లేచి దారివ్వడానికి. నేరుగా వెళ్ళే విమానం లేదు. మొదటిది చిన్న ప్రయాణం. తర్వాత ఒక పెద్ద విమానాశ్రయంలో దిగి, చాలాసేపు ఆగి, రెండోది ఎక్కాలి. అసలు దూరమంతా రెండోదే. ఆగేచోట పడుకోవడానికి అద్దె గదులుంటాయట, లోపలే, బయటికి రానక్కర్లేదు. అది కూడా కట్టిస్తాను. మధ్యాహ్నం భోజనం మానేసి టికెట్ల ఆఫీసులో కూర్చున్నాను. అక్కడి కళ్ళజోడు మనిషికి తల ప్రాణం తోకకు తెచ్చాను, పాపం.

బస కింది అంతస్తులోనే ఉండాలి, గుమ్మానికి మెట్లుండకూడదు. సముద్రం ఎదురుగా ఉన్నవే చూస్తున్నాను.

ఇక ఎప్పుడు వెళ్ళాలనేది. ఈ ఒక్క విషయంలో మీకు ఇంతకంటే మంచి మనిషి దొరకదు. రోజూ పొద్దున్నే డాబా ఎక్కి, వానమాపకంలో నీళ్ళు గాజుగొట్టంలో పోసి, అంకె వేసేది నేనే కదా. మా లైబ్రరీలో ఆ ద్వీపం లెక్కలు కూడా ఉన్నాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ఆకాశానికి చిల్లు పడినట్టే. డిసెంబరులో మాత్రం అద్దంలా ఉంటుంది. డాక్టర్ చెప్పిన ఏడాది దాటదు. కాబట్టి డిసెంబరు.

పిన్నీ, ఒక్క మాట. మొహమాటాలు పెట్టొద్దు. మన ఇంట్లో మొదటి "వద్దు" మర్యాదకి, రెండోది అలవాటుకి, మూడోదే నిజం. అమ్మ పోయాక మీ ఇంటికొచ్చిన కొత్తలో స్వెటర్ కావాలా అంటే నేను వద్దన్నాను. మూడోసారి అడిగి తొడిగావు. ఆ పాఠం నేను మర్చిపోలేదు, నీ మీదే ప్రయోగిస్తాను చూడు.

మీ గుమాస్తా


మార్చి 28

అమ్మాయీ,

పాస్‌పోర్టు ఫోటోలు దిగాం. ఫోటోగ్రాఫర్ "నవ్వకండి" అన్నాడట, నాకు వినపడక నవ్వాను. "దగ్గకండి" అని ఆవిడతో అన్నాడట, ఆవిడ దగ్గింది. రెండోసారి మళ్ళీ దిగాల్సొచ్చింది. ఇప్పుడు ఫోటోల్లో ఇద్దరం ఎవరి మీదో ఫిర్యాదు చేయడానికి వెళ్ళినవాళ్ళలా ఉన్నాం.

విమానం పైకి లేచేటప్పుడు చెవులు మూసుకుపోతాయని మా పక్కింటి టైలరు భయపెట్టాడు. నా చెవులు ఇంకా మూసుకుపోవడానికి ఏముందని అడిగాను.

చక్రాల కుర్చీ సంగతి. ఆవిడ వద్దంది. మళ్ళీ అడిగాను, వద్దంది. మూడోసారి కూడా వద్దంది. అంటే నిజంగానే వద్దు. కానీ డాక్టర్ కావాలంటున్నాడు. అందుకని నా పేరు మీద చెప్పు, నా మోకాళ్ళు అరిగిపోయాయని. అక్కడికెళ్ళాక "నాకు సిగ్గేస్తోంది, నువ్వు కూర్చో" అని ఆవిణ్ణి కూర్చోబెడతాను.

మందులు చేతిసంచిలో ఉంచుకోనిస్తారా, పెట్టెలో వేసెయ్యాలా? దోమలుంటాయా? కుళాయి నీళ్ళు తాగొచ్చా? తీరిగ్గా రాయి.

మీ బాబాయి

గుమాస్తా గారూ, జూలైలో వెళ్తే ఎలా ఉంటుంది? నాకు జూలై బాగుంటుందనిపిస్తోంది. కుర్చీ సంగతి మీ బాబాయి నీకు రహస్యంగా రాశానని అనుకుంటున్నాడు. ఆయన రాసేది నేను చదవకుండా కింద ఎలా రాస్తాననుకున్నాడో.


ఏప్రిల్ 9

పిన్నీ, పట్టేశాను!

జూలైలో టికెట్లు సగానికి సగం చవక అని నీకెవరు చెప్పారు? టైలరేనా? బస కూడా చవకే. ఎందుకు చవకో తెలుసా? ఎవరూ వెళ్ళరు కాబట్టి. ఆ నెలలో అక్కడ రోడ్లు కాలవలైపోతాయి. సముద్రంలో దిగనివ్వరు. హోటళ్ళు సగం మూసేస్తారు. అంత దూరం ఎగిరి వెళ్ళి గదిలో కూర్చుని గోడలు చూడాలి. వాన చూడాలంటే మన ఊళ్ళో లేదా? నువ్వు పని నుంచి తడిసి వచ్చి, పళ్ళు టకటకలాడుతూ పొయ్యి దగ్గర నిలబడటం నాకింకా గుర్తుంది. నీకు వానంటే చిరాకు అని నాకు తెలీదా?

ఖర్చు గురించి ఆలోచించకు. ఈ ఒక్కసారి నీ లెక్కలు కట్టిపెట్టు.

బాబాయ్, మందులు చేతిసంచిలోనే ఉండాలి, డాక్టర్ చీటీతో సహా. దోమలుంటాయి, పూత మందు పంపిస్తాను. కుళాయి నీళ్ళు వద్దు. కుర్చీ నీ పేరున రాయించాను. కళ్ళజోడు ఆయన, "మీ బాబాయిగారు నడవలేరా?" అంటే, "నడుస్తారు గానీ పిన్ని కోసం నడవలేరు" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

మీ గుమాస్తా


ఏప్రిల్ 25

అమ్మాయీ,

నువ్వు రాసింది డాక్టర్‌కి చూపించాను. "పొడిగా, వెచ్చగా ఉండే చోటు మంచిది" అని రాసిచ్చాడు. కాబట్టి నేను నీ పక్షం. డిసెంబరే ఖాయం చెయ్యి.

మీ పిన్ని రెండు రోజులు ముభావంగా ఉంది. అడిగితే, "ఏం లేదు, మీరు బాగా చూస్తున్నారు" అంది. ఖర్చు గురించి బెంగ అయి ఉంటుంది. మనిషిని అడిగితే చెప్పదు, అడక్కపోతే అడగలేదంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో నాకు అంతుపట్టనిది ఇదొక్కటే. నాది మాత్రం తక్కువా? మిల్లులో మధ్యాహ్నం ఎవరైనా డబ్బా తెరిచి పెడితే రెండుసార్లు వద్దని, మూడోసారి అడక్కపోతే సాయంత్రం దాకా ఆకలితో ఉండేవాణ్ణి.

వేసవి బట్టలు కుట్టించాం. ఆవిడ లేతాకుపచ్చ గుడ్డ ఎంచుకుంది. టైలరు కొలతలు తీసుకుంటూ, చిక్కిపోయారన్నాడు. కొలత కంటే వదులుగా కుట్టమన్నాను, అక్కడ గాలికి ఒళ్ళు చేస్తుందని.

మీ బాబాయి

డబ్బు గురించి కాదే. వాన ఉన్నా నాకు ఫర్వాలేదు. నిజంగానే అంటున్నాను. జూలై అయితే బాగుండును.


మే 6

బాబాయికీ, మొహమాటాల పిన్నికీ,

"ఫర్వాలేదు" అన్నావు చూడు, అక్కడే దొరికిపోయావు. చలికి వణుకుతూ కూడా ఫర్వాలేదనే మనిషివి నువ్వు. రెండుసార్లు అయింది, మూడోసారి నీకు అవకాశం ఇవ్వదల్చుకోలేదు. నిన్న సాయంత్రం టికెట్లు కొనేశాను!

డిసెంబరు రెండో వారం. ఈ టికెట్లు వెనక్కి తీసుకోరు, తేదీ మార్చరు. కాబట్టి ఇంక వాదించి లాభం లేదు. పొద్దున పూట దిగేలా చూశాను. దిగిన రోజు నిద్ర ఆపుకుని ఎండలో కూర్చుంటే రెండో రోజుకి ఒంటికి వేళలు అలవాటవుతాయట. కింది అంతస్తు గది దొరికింది, తలుపు తీస్తే ఇసుకే. నీ పటంలోలాగే సముద్రం మంచం మీంచి కనిపిస్తుంది. నేనూ రావాలని ఎంతో ఉంది గానీ, పెళ్ళయ్యాక మీరిద్దరూ కలిసి ఎక్కడికీ వెళ్ళలేదు. మధ్యలో నేనెందుకు?

మీరున్న అన్ని రోజుల్లో ఒక్క చుక్క వాన పడితే ఈ ఉద్యోగం మానేస్తాను. రాసిస్తున్నాను.

మీ గుమాస్తా


మే 20

అమ్మాయీ,

నీ ఉత్తరం మీ పిన్నే ముందు చదివింది. చదివి, మడిచి, చాలాసేపు చేతిలో పట్టుకుంది. "పిల్ల ఎంత తిరిగిందో" అంది. కాసేపటికి, "నేను ఇంకోసారి రాయనా?" అని తనే అడిగి, "వద్దులే, మనసు కష్టపెట్టుకుంటుంది" అని తనే జవాబు చెప్పుకుంది. దేని గురించో నాకు తెలీదు. నేను అడగలేదు.

ఇప్పుడు రోజూ సాయంత్రం మాకు విమానం అభ్యాసం. వంటింట్లో రెండు కుర్చీలు పక్కపక్కన వేసుకుంటాం. ఆవిడ కిటికీ వైపు. తువ్వాలు నడుముకి బెల్టులా కట్టుకుంటాం. ఉన్నట్టుండి "లేవండి, నేను నడవాలి" అంటుంది. నేను లేచి దారివ్వాలి. ఒకసారి టైలరు వచ్చి మమ్మల్ని అలా చూసి, వెనక్కి వెళ్ళిపోయాడు.

మీ బాబాయి

సరే తల్లీ. డిసెంబరే. నువ్వు వెతికిన గది చాలా బాగుంది. అంత మంచి గదిలో నేనెప్పుడూ పడుకోలేదు.


ఆగస్టు 2

బాబాయ్,

రెండు నెలలు దాటింది, ఉత్తరం లేదు. మీ ఫోనేమో మూగనోము పట్టింది. ఏమైంది? టికెట్లలో నా డబ్బు కొంత కలిపానని ఆ కళ్ళజోడు ఆయన మీకేమైనా చెప్పాడా? దానికి అలిగారా? నన్ను పెంచినవాళ్ళకి నేను సీటు కొనిస్తే తప్పా? కోపం వస్తే తిట్టండి గానీ ఇలా బిగుసుకుపోవద్దు. నాకు ఇక్కడ కాలు నిలవడం లేదు.

గుమాస్తా


ఆగస్టు 19

అమ్మాయీ,

అలగడం కాదు తల్లీ. మీ పిన్నికి న్యుమోనియా చేసింది. ఆసుపత్రిలో ఉంచారు. నీకు రాయొద్దని ఒట్టు పెట్టించుకుంది, ఉద్యోగం వదిలి పరుగెత్తుకొస్తావని. నేను రెండుసార్లు రాస్తానన్నాను, రెండుసార్లూ వద్దంది. మూడోసారి అడిగే ధైర్యం లేక ఊరుకున్నాను. ఇప్పుడు ఇంటికొచ్చాం. మంచం కిటికీ పక్కకి మార్చాను. డిసెంబరుకి కోలుకోవచ్చని డాక్టర్ రాసిచ్చాడు. "కోలుకుంటుంది" అని రాయలేదు, "కోలుకోవచ్చు" అని రాశాడు.

విమానంలో ఆక్సిజన్ పెడతారా? ముందే చెప్పాలా? కనుక్కో. ఆకుపచ్చ బట్టలు ఒకసారి తొడిగి చూశాం. వదులు ఇంకా ఎక్కువైంది.

కింద ఆవిడ రాస్తానంటోంది. చెయ్యి వణుకుతోంది, చదవడానికి ఓపిక పట్టు.

మీ బాబాయి

అక్కడ ఇప్పుడు వాన పడుతోందా?


ఆగస్టు 27

పిన్నీ, నా పిన్నీ,

నాకు రాయొద్దని ఒట్టు పెట్టించావా? వచ్చాక నీ పని చెప్తాను. పై అధికారిని బతిమాలుతున్నాను, వచ్చే నెలలో సెలవు దొరుకుతుంది.

నువ్వడిగినందుకు ఆఫీసులో చూసి మరీ రాస్తున్నాను. పడుతోంది! కుండపోత! నెలంతా ఒక్క పూట తెరిపి లేదట. చూశావా, ఎంత తప్పించుకున్నామో? నీ మాట విని జూలైలో పంపి ఉంటే నా గతేం కాను! నువ్వు లేచి నాలుగు మెతుకులు తిను, చాలు. ఎండ నీ కోసం అక్కడ కాచుకుని ఉంది.

బాబాయ్, ఆక్సిజన్ పెడతారు, డాక్టర్ సంతకంతో ముందే రాయాలి. కాగితాలు నేను వచ్చేటప్పుడు తెస్తాను.

మీ గుమాస్తా


అక్టోబరు 14

అమ్మాయీ,

నువ్వు వెళ్ళాక ఇల్లు మరీ పెద్దదైపోయింది. దినాలకి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. టైలరు రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటాడు. మాట్లాడినా నాకు వినపడదని ఆయనకి తెలుసు, అయినా మాట్లాడతాడు. నువ్వు కాగితాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికే ఆవిడకి తెలివి లేదు. నువ్వు ఆ కాగితాలు పట్టుకునే రాత్రంతా కూర్చున్నావు. అది నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

నిన్న కోల్డ్ స్టోరేజీ నుంచి కబురొచ్చింది, అల్మారా ఖాళీ చేసుకోమని. వెళ్ళాను. ఆవిడతో పాటు పనిచేసిన పెద్దావిడ ఒకరు, ఆడవాళ్ళందరినీ బయటికి పంపి, నన్ను ఆ గదిలోకి తీసుకెళ్ళింది. సిమెంటు నేల, గోడ పొడుగునా ఇనుప అల్మారాలు, బల్ల కింద రబ్బరు బూట్లు. తలుపు అవతల ఐసు గది. దాని చలి ఆ తలుపు కింద నుంచి నా పాదాలకి తగిలింది. అక్కడ ఆవిడ ఎన్నేళ్ళు నిలబడిందో నాకు తెలుసు. ఆ చలి ఎలా ఉంటుందో మాత్రం నిన్నే తెలిసింది.

అల్మారాలో ఊలు మేజోళ్ళు, ఒక దువ్వెన. తలుపు లోపలివైపు ఆ పటం.

అమ్మాయీ, అందులో సముద్రం లేదు. కొబ్బరిచెట్లు లేవు. అదొక సందు. రెండువైపులా రేకుల ఇళ్ళు. జోరుగా వాన. ఒకామె బిందె పట్టుకుని నెమ్మదిగా నడుస్తోంది. ఇద్దరు ముసలమ్మలు గుమ్మంలో కూర్చుని కాళ్ళు వానలోకి చాపుకున్నారు. ఒక పిల్ల మొహం పైకెత్తి నిలబడింది. ఒక్కరి చేతిలోనూ గొడుగు లేదు. పటం కింద నెల పేరు అచ్చువేసి ఉంది. జూలై.

ఆ పెద్దావిడ నాకు వినపడదని తెలిసి పటం మీద వేలితో చూపిస్తూ, అరుస్తూ చెప్పింది. ఐసు గదిలోంచి బయటికి వచ్చినప్పుడల్లా మీ పిన్ని ఆ తలుపు తెరుచుకుని చూసేదట. "ఎవరూ పరుగెత్తడం లేదు చూడు, అక్కడ వాన వెచ్చగా ఉంటుంది కాబోలు. ఒక్కసారి అందులో నిలబడాలి" అనేదట.

ఆవిడ మనకి చెప్పింది. రెండుసార్లు చెప్పింది, నీకు నా కాగితం మీదే చెప్పింది. నేనూ అది చదివాను.

పటం నా దగ్గరే ఉంచుకుంటున్నాను. ఈసారి కాగితం చివరిదాకా రాశాను. కింద చోటు వదలబుద్ధి కాలేదు.

మీ బాబాయి


అక్టోబరు 25

బాబాయ్,

నాలుగు కాగితాలు చించేశాను.

"ఎంత తప్పించుకున్నామో" అని రాశాను. ఆవిడ అడిగింది అదొక్కటే. అది నేను ఆవిడకి రాసిన ఆఖరి ఉత్తరం. దాన్ని ఆవిడకి చదివి వినిపించావా? వినిపించలేదని చెప్పు. అబద్ధమైనా సరే.

ఈ ఉదయం ఇక్కడ వాన పడింది. డాబా ఎక్కి నీళ్ళు కొలిచాను. అంకె వెయ్యడానికి చెయ్యి రాలేదు. రోజూ వానని చేత్తో పట్టుకునే దాన్ని, ఒక మనిషికి వాన కావాలంటే అర్థం కాలేదు. ఆవిడ సూటిగా చెప్పిన మాటని మర్యాద అనుకున్నాను. ఆ తెలివి నాకు నేర్పింది ఆవిడే. ఎవర్ని తిట్టుకోను బాబాయ్?

డిసెంబరు టికెట్లు రద్దు చేయమన్నాను.


ఫిబ్రవరి 11

అమ్మాయీ,

నువ్వడిగిన దానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. ఆ ఉత్తరం ఆవిడే చదువుకుంది. అబద్ధం చెప్పను. చదివి నవ్వింది. "పడుతోందట" అని నాకు చూపించింది. కుండపోత అన్న మాట మీద వేలు పెట్టి, రెండుసార్లు చూపించింది. ఆ పూట గంజి తాగింది.

నీ తప్పు లేదని రాస్తే నువ్వు నమ్మవు. నీది ఉంది, నాది ఉంది, ఆవిడది కూడా ఉంది. మన ముగ్గురిదీ ఒకటే అలవాటు. ఆవిడ పటం గురించి ఒక్క ముక్క విడమర్చి చెప్పి ఉంటే సరిపోయేది. అంత అడగడం కూడా ఎక్కువే అనుకుని ఉంటుంది.

డిసెంబరులో మనం అనుకున్న ఆ రోజు వచ్చింది. వంటింట్లో కుర్చీలు రెండూ వేసుకుని కూర్చున్నాను. తువ్వాలు కట్టుకున్నాను. ఎవరూ లేవమనలేదు.

ఇప్పుడు నాకొకటి కావాలి. మొదటిసారే చెప్తున్నాను. నేను జూలైలో ఆ ద్వీపానికి వెళ్తాను. ఒక్క టికెట్. సముద్రం వద్దు. ఏదైనా సందులో, రేకుల ఇంట్లో, గుమ్మం వీధిలోకి ఉండే గది చూడు. చక్రాల కుర్చీ వద్దు. నువ్వు నాతో రావద్దు.

మీ బాబాయి


ఫిబ్రవరి 20

బాబాయ్,

రావద్దన్నది చదివి కలం తీశాను, "ఇది మొహమాటమా, నిజమా?" అని అడుగుదామని. అడగడం లేదు. రావద్దన్నావు, రాను.

టికెట్ల ఆఫీసుకి వెళ్ళాను. కళ్ళజోడు ఆయన, "జూలైలో వానలండీ, మీకు తెలుసు కదా" అన్నాడు. "వానకే వెళ్తున్నారు" అన్నాను. కిటికీ సీటు తీసుకున్నాను. దిగేది పొద్దున పూటే. సందులో గది దొరికింది. ఇంటామె కింది వాటా అద్దెకిస్తుంది. రేకులు చప్పుడు చేస్తాయని ముందే క్షమాపణ చెప్పింది. మా బాబాయికి వినపడదు, ఫర్వాలేదన్నాను.

ఆకుపచ్చ బట్టలు నీ పెట్టెలో పెట్టుకుంటావా అని అడగాలని ఉంది. ఒక్కసారే అడుగుతున్నాను.

నీ గుమాస్తా


జూలై 9

అమ్మాయీ,

పెట్టుకొచ్చాను.

రెండు విమానాలూ ఎక్కాను, దిగాను. చెవులు మూసుకుపోలేదు. కిటికీ లోంచి మబ్బుల పైభాగం చూశాను. పక్క సీటులో కుర్రాడు నడవాలంటే నేను లేవక్కర్లేదని గుర్తొచ్చి కాసేపు కళ్ళు మూసుకున్నాను. ఆగేచోట గదిలో పడుకోలేదు, బల్ల మీదే కూర్చున్నాను.

వచ్చిన రెండు రోజులూ వాన లేదు. ఉక్క. ఇంటామె నన్ను చూసి జాలిపడి విసనకర్ర ఇచ్చింది. నేను వాన కోసం చూస్తున్నానని ఆమెకి సైగలతో చెప్పడం నా వల్ల కాలేదు. ఈ మధ్యాహ్నం సందు చివర కొట్టుకి సబ్బు కొనడానికి వెళ్తుంటే మొదలైంది.

అమ్మాయీ, నేను పరుగెత్తాను. చెయ్యి తల మీద పెట్టుకుని, మన ఊళ్ళో పరుగెత్తినట్టే, వచ్చి చూరు కింద నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూస్తే సందులో ఎవరూ పరుగెత్తడం లేదు. కూరలామె బుట్ట దించను కూడా దించలేదు. ఎదురింటి గుమ్మంలో ఒక ముసలావిడ కాళ్ళు వానలోకి చాపుకుని నన్ను చూసి నవ్వింది.

గదిలోకి వెళ్ళి ఆకుపచ్చ బట్టలు భుజాన వేసుకుని వచ్చాను. చెప్పులు విప్పి వానలోకి నడిచాను. వెచ్చగా ఉంది తల్లీ. స్నానానికి గోరువెచ్చగా కలిపిన నీళ్ళలా ఉంది. ఆవిడ ఎప్పుడూ రాకుండానే ఎలా తెలుసుకుందో, నిజంగా వెచ్చగా ఉంది. ఒళ్ళంతా తడిసినా ఒక్క వణుకు లేదు. రేకుల గోడకి చెయ్యి ఆనిస్తే మగ్గం మీద చెయ్యి పెట్టినట్టు అదిరింది. వాన చప్పుడు నాకు అలా తెలిసింది, ఎన్నాళ్ళకో.

ఏడ్చాను. వానలో ఏడిస్తే ఎవరికీ తెలీదంటారు గానీ తెలుస్తుంది. ఆ ముసలావిడ జరిగి, గుమ్మంలో తన పక్కన చోటు చూపించింది. ఒక్కసారే చూపించింది. నేను వెళ్ళి కూర్చున్నాను. బట్టలు ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు బయటికి చాపుకుని, వెలుతురు పోయేదాకా అక్కడే కూర్చున్నాను.

ఇప్పుడు మా గుమ్మంలో కూర్చుని ఇది రాస్తున్నాను. వాన ఇంకా పడుతోంది. నువ్వు వచ్చే ఏడాది రావాలి. నాతో కాదు, నీ అంతట నువ్వు. ఆ గాజుగొట్టం తేవద్దు.

కాగితం కింద ఎప్పటిలాగే నాలుగు వేళ్ళ చోటు వదిలాను. సంతకం చేశాక, ఆవిడ రాసే ఆ వైపు చూరు బయటికి, వానలోకి పట్టుకుంటాను. ఆరాక పంపుతాను.

మీ బాబాయి